పదకొండు పేజీల నిర్వచనం

బెహరా ఉమాపతి మాస్టారికి జబ్బులు రెండు. ఒకటి షుగరు. అది పదేళ్లనుంచీ ఉంది, దానికి మాత్ర ఉంది. రెండోది, ఎవరైనా చిన్న ప్రశ్న అడిగితే పెద్ద సమాధానం చెప్పడం. అది పుట్టినప్పటినుంచీ ఉంది, దానికి మాత్ర లేదు. ఈ కథలో జరిగిన అనర్థమంతా రెండో జబ్బువల్లే జరిగిందని, మొదటిది నిజానికి మేలే చేసిందని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటారు. ఒప్పుకోవడానికి కూడా అరగంట పడుతుంది.

నాగావళి ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఆయన వృక్షశాస్త్రం చెబుతారు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆగస్టులోనూ కార్బోహైడ్రేట్ల పాఠం చెబుతున్నారు. బోర్డు మీద గ్లూకోజు ఉంగరం గీస్తే ఆరు మూలలూ అచ్చు గుద్దినట్టు వస్తాయి. ఆ ఉంగరాలను ఒక తీరున గొలుసు కడితే అన్నంలోని స్టార్చి అవుతుందని, అవే ఉంగరాలను అటొకటి ఇటొకటి తిప్పి కడితే చెక్కలో, దూదిలో, కాగితంలో ఉండే సెల్యులోజ్ అవుతుందని చెప్పి, "ఒక్క మెలిక తేడా. దాంతో మొదటిదాన్ని తింటాం, రెండోదాని మీద పరీక్ష రాస్తాం" అని ఆగుతారు. అక్కడ పిల్లలు నవ్వాలి. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ నవ్వలేదు. వెనక బెంచీవాళ్లు అప్పటికే నిద్రపోయి ఉంటారు. ముందు బెంచీవాళ్లు, "సార్, ఇది ఎన్ని మార్కులకి వస్తుంది?" అని అడుగుతారు. రెండు మార్కులకి అని చెప్పి ఆయన డస్టరు తీసుకుంటారు.

అలాంటి మనిషి మాట కోసం ఒకనాడు రాష్ట్రమంతా చెవులు రిక్కించిందంటే మతి పోదూ మరి? పోయింది.

సంగతేమిటంటే, రాజధానిలో కళాశాల విద్యా కమిషనర్ త్రిలోచనరావు గారు అన్నం మానేసి ఆరు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గారు. మామూలువాళ్లు తగ్గితే ప్యాంట్లు బిగింపించుకుంటారు. కమిషనర్లు తగ్గితే సర్క్యులర్ వస్తుంది. వచ్చింది.

"విషయము: ఆరోగ్య ప్రాంగణ పథకము – కళాశాలలను కార్బోహైడ్రేట్ రహిత ప్రాంగణములుగా తీర్చిదిద్దుట – తక్షణ చర్యలు – గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, పదిహేను దినములలో సమస్త కళాశాలలయందును కార్బోహైడ్రేట్లను నిర్మూలించి నివేదిక పంపవలెను. కార్బోహైడ్రేట్ అనగా ఏమియో స్థానికముగా నిర్వచించుకొనవలెను. ఇందు నిమిత్తము వృక్షశాస్త్ర అధ్యాపకుని నోడల్ అధికారిగా నియమించవలెను."

ప్రిన్సిపాల్ వసుంధరాదేవి గారికి రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. ఈ ఎనిమిది నెలలూ పై ఆఫీసులో ఎవరికీ తన పేరు గుర్తు రాకుండా గడిచిపోతే చాలని ఆవిడ కోరిక. మాస్టారిని పిలిచి సర్క్యులర్ చేతికిచ్చారు.

"ఇడ్లీ దీని కిందికి వస్తుందా, అన్నం వస్తుందా. రెండు ముక్కలు రాసివ్వండి మాస్టారూ, పంపించి చేతులు దులుపుకుందాం."

"రెండు ముక్కల్లో ఎలాగండీ? ఇది శాస్త్రం కదా."

"శాస్త్రమే. రెండు ముక్కల శాస్త్రం చాలు."

ఆదివారం పొద్దున్న కూర్చుని మాస్టారు పదకొండు పేజీలు రాశారు. తీపి చక్కెరలతో మొదలుపెట్టి, పాలలో లాక్టోజు, బియ్యంలో స్టార్చి, ఐదో పేజీలో చెట్లలోనూ గుడ్డలోనూ కాగితంలోనూ సెల్యులోజ్, ఏడో పేజీలో రొయ్య పెంకులో కైటిన్, ఎనిమిదో పేజీలో మన కాలేయంలో దాచుకునే గ్లైకోజెన్ వరకూ వచ్చారు. తొమ్మిదో పేజీలో, ప్రతి జీవి ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏకి వెన్నెముకలో సగం చక్కెరేనని చూపించారు. మిగతా రెండు పేజీలూ బొమ్మలు. నోటు పైకి వెళ్లింది. వెళ్లాక ఆయన రెండు రోజులు ఎవరూ ఏమీ అనకుండానే కాలరు సర్దుకుంటూ తిరిగారు.

మొదటి వేటు క్యాంటీను మీద పడింది.

కళాశాల వెనక రేకుల షెడ్డులో పైడితల్లి పంతొమ్మిదేళ్లుగా క్యాంటీను నడుపుతోంది. మాస్టారి భార్య పార్వతీపురంలో టీచరు. శని, ఆదివారాలే వస్తుంది. మిగతా రోజుల్లో మాస్టారి టిఫిను పైడితల్లి దగ్గరే. ఆయన రాగానే, "మాత్ర ఏసుకున్నారా బాబూ?" అని అడిగి, ఔనన్నాకే ప్లేటు పెడుతుంది. ఇడ్లీలు రెండు, పంచదార లేని టీ. మూడో ఇడ్లీ అడిగితే వినపడనట్టు తిరిగిపోతుంది. ఆ మాత్ర తిండి లేకుండా వేసుకోకూడదని డాక్టరు మాస్టారికి చెప్పింది ఒక్కసారే. పైడితల్లి రోజూ చెబుతుంది.

ఆ పైడితల్లికి షెడ్డు మూసేయమని చెప్పడానికి మాస్టారే వెళ్లారు, నోడల్ అధికారి కనక.

"ఏటి బాబూ, ఇడ్లీ కూడా నేరమేటి?"

"నేరం కాదు పైడితల్లీ. కార్బోహైడ్రేటు. అంటే చూడు, గ్లూకోజు ఉంగరాలుంటాయి కదా…" అని మాస్టారు పొయ్యి పక్కన బొగ్గుముక్కతో గోడ మీద గీసి మరీ చెప్పారు. ఆవిడ గరిట పట్టుకుని ఆసాంతం విన్నది. నిద్రపోకుండా ఆ పాఠం విన్న మొదటి మనిషి ఆవిడే.

"బాగా సెప్పినారు. మరి రేపట్నుంచి నానేటి తినాల?"

మాస్టారి దగ్గర దానికి పేజీ లేదు. "కొద్ది రోజులే" అన్నారు. షెడ్డు లైసెన్సు ఏటా జూలైలో పొడిగిస్తారు. పథకం నడుస్తుండగా ప్రాంగణంలో ఎవరైనా కార్బోహైడ్రేటు అమ్మినా, తెచ్చినా, పెట్టినా లైసెన్సు శాశ్వతంగా రద్దని సర్క్యులర్‌లో తొమ్మిదో అంశం. అది కూడా ఆయనే చదివి వినిపించి వచ్చారు. వస్తూంటే వెనక్కి తిరిగి చూడలేదు. అది సిగ్గని ఇప్పుడు తెలుసు. అప్పుడు క్లాసుకి టైమవడం వల్ల అనుకున్నారు.

వారం తిరక్కుండా పై ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. "మీ నోటు మిక్కిలి లోతైనది. దానిని రాష్ట్రమంతటికీ నమూనాగా స్వీకరించడమైనది. పోతే, ఐదవ పేజీలో తమరు పేర్కొనిన సెల్యులోజ్ నిర్మూలన విషయమై నేటివరకు తీసుకొనిన చర్యలేమియో తెలుపగలరు."

మాస్టారు మొదటి వాక్యం ఆరుసార్లు చదువుకున్నారు. మూడో వాక్యం ప్రిన్సిపాల్ గారు చదివారు.

స్టాఫ్ మీటింగు పెట్టారు. సూపరింటెండెంట్ కూర్మారావు లేచాడు. రూలు పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి. "మేడమ్, ఈ ఉత్తరం కూడా కాగితమే. కాగితం సెల్యులోజ్. అలాంటప్పుడు దీన్ని మనం స్వీకరించవచ్చునా అన్నది మొదట తేలాలి." గంటసేపు చర్చ జరిగింది. ఫైళ్లన్నీ పాలిథిన్ సంచుల్లో కట్టాలని, సంతకం పెట్టేవాళ్లు రబ్బరు తొడుగులు వేసుకోవాలని తీర్మానించారు. బల్లలకీ బెంచీలకీ ప్లాస్టిక్ కప్పారు. నూలు బట్టలు సెల్యులోజ్ కనక స్టాఫంతా పాలిస్టర్‌లోకి మారారు. అప్పటికి ఏప్రిల్ నెల, పదిన్నరకే చెమటలు కారుతున్నాయి. పిల్లలు మాత్రం పథకానికి పూర్తి మద్దతు ప్రకటించారు. జవాబు పత్రం కాగితం కనక దాన్ని ముట్టుకుని చట్టాన్ని ఉల్లంఘించలేమని ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం నోటితో సమర్పించారు.

తర్వాత చెట్లు. కళాశాల ఆవరణలో పదిహేడు చెట్లున్నాయి. చెట్ల సంగతి ఏమిటని ప్రిన్సిపాల్ గారు అడిగారు. తల ఊపేసి ఊరుకోవచ్చు. మాస్టారు ఊరుకుంటే ఈ కథే లేదు.

"చెట్లయితే మరీ ప్రమాదమండీ. అవి నిల్వ ఉంచుకోవడమే కాదు, తయారు చేస్తాయి. ఎండ పడితే చాలు, గాలినీ నీళ్లనూ కలిపి చక్కెర వండుతాయి ఆకులు."

"రోజూనా?"

"ఆదివారాలు కూడానండీ."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. మర్నాడు పదిహేడు చెట్లకూ షోకాజ్ నోటీసులు అంటించారు. "పగటిపూట అనుమతి లేకుండా చక్కెర ఉత్పత్తి చేయుచున్నట్లు మా దృష్టికి వచ్చినందున, మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలో రాతపూర్వకముగా తెలుపవలెను." కూర్మారావు నోటీసుల్ని మైదా పిండి ఉడికించిన జిగురుతో అంటించాడు. మైదా అంటే స్టార్చి అని మాస్టారికి చటుక్కున తట్టింది. ఆ ఒక్కసారీ నోరు మూసుకున్నారు. మూసుకున్నందుకు ఆ రోజంతా తనను తాను మెచ్చుకున్నారు. ఏడు రోజులైనా ఏ చెట్టూ సమాధానం ఇవ్వలేదు. సమాధానం లేని కారణంగా ఏకపక్షంగా నిర్ణయం తీసుకోవడానికి ఫైలు పైకి పంపారు.

ఇంతలో ఎనిమిదో పేజీ మీద ఉత్తరం వచ్చింది. ఉద్యోగులు తమ తమ కాలేయాల్లో ఉంచుకున్న గ్లైకోజెన్ వివరాలను, ఏటా ఇచ్చే ఆస్తుల ప్రకటనలాగే, నిర్ణీత నమూనాలో సమర్పించాలి. నమూనాలో గడులున్నాయి. స్వంత నిల్వ, జీవిత భాగస్వామి నిల్వ, వారసత్వంగా వచ్చినది. చరిత్ర మాస్టారు మూడో గడిలో "తండ్రిగారినుంచి షుగరు మాత్రమే సంక్రమించినది" అని రాశాడు. దాని మీద వివరణ అడిగారు.

తొమ్మిదో పేజీ దగ్గరకి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు మాస్టారిని తలుపు వేసి కూర్చోబెట్టారు.

"ప్రతి కణంలోనూ ఉందన్నారు. దాన్ని తీసేస్తే?"

"మనం ఉండమండీ."

"మరి ఉంచుకుంటే?"

"పథకం ఉండదండీ."

ఆవిడ తలుపు తీసి కూర్మారావుని పిలిచారు. చివరికి కూర్మారావే దారి చూపించాడు. ఏ రూలుకైనా మినహాయింపు ఉంటుంది కాబట్టి, బతికి ఉండటానికి కావలసినంత మేరకు ఒంట్లో కార్బోహైడ్రేట్లు కలిగి ఉండొచ్చనీ, అవి తగ్గితే బయటినుంచి పుచ్చుకోవచ్చనీ ప్రతి ఉద్యోగికీ ఒక ప్రాణావసర మినహాయింపు పత్రం ఇవ్వాలి. ఇచ్చే అధికారం నోడల్ అధికారిది. మాస్టారు రబ్బరు తొడుగులు వేసుకుని అరవై ముగ్గురు ఉద్యోగులకు అరవై రెండు పత్రాలు ఇచ్చారు. అరవై మూడోది తనది. తనకు తాను ధ్రువీకరించుకోవడం నిబంధనలకు విరుద్ధమని కూర్మారావు ఎర్ర సిరాతో రాసి దాన్ని కమిషనర్ కార్యాలయానికి పంపాడు. అది అక్కడే ఉండిపోయింది. "మీరు బతికే ఉన్నారు కదా, తొందరేముంది" అన్నాడు కూర్మారావు.

ఆఖరిగా గేటు దగ్గర తనిఖీ. నిషిద్ధ పదార్థాన్ని పట్టుకోవడానికి పద్ధతి సూచించమన్నారు. మాస్టారు సూచించారు. కెమిస్ట్రీ ల్యాబులోంచి అయోడిన్ సీసా, చుక్కలు వేసే గొట్టం. అనుమానం ఉన్న వస్తువు మీద ఒక చుక్క. స్టార్చి ఉంటే నీలి నలుపు తిరుగుతుంది, లేకపోతే గోధుమరంగులోనే ఉంటుంది. పంచదార, బెల్లం, దూది మాత్రం దీనికి దొరకవని ఆయన నాలుగు పేజీల అనుబంధం రాశారు. పై ఆఫీసు పద్ధతిని ఆమోదించింది. అనుబంధం ఎవరూ చదవలేదు. "ఇకపై అయోడిన్ పరీక్షయే అంతిమ ప్రమాణము" అని ఉత్తర్వు వచ్చింది.

రోజూ తొమ్మిదింటికి మాస్టారే గేటు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడేవారు. ఓట్లకి వేలి మీద సిరా పెట్టినట్టు అందరికీ చుక్క వేసేవారు. పైడితల్లి మొదటి రోజు వచ్చింది, షెడ్డులో మిగిలిన గిన్నెలు తీసుకుపోతానని. చెయ్యి చాపమన్నారు. పొద్దున్నే ఇంట్లో బియ్యం కడిగిన చెయ్యి. గోళ్ల చుట్టూ నీలం తేలింది.

"రానివ్వకూడదు పైడితల్లీ. రూలు."

ఆవిడ తన వేళ్లను తిప్పి చూసుకుంది. "పంతొమ్మిదేళ్లు మీకు ఒండి పెట్టిన సేతులండి ఇవి" అని, కోపంగా కూడా కాదు, మామూలుగా అనేసి రోడ్డు అవతలికి వెళ్లిపోయింది. అవతల పంక్చర్ల షాపు పక్కన గొడుగు పాతుకుని టీ కొట్టు పెట్టుకుంది. గేటు దాటి రాదు. మాస్టారు గేటు దాటి వెళ్లరు. నోడల్ అధికారి నలుగురికీ ఆదర్శంగా ఉండాలి కదా. పొద్దున్న మాత్ర వేసుకుంటారు, ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన తింటారు, నిలబడతారు. పదకొండింటికి కళ్లముందు చుక్కలు తిరిగితే ఎండ అనుకునేవారు. గ్లూకోజు తగ్గితే ముందు తడబడేది మెదడేనని ప్రతి ఆగస్టులోనూ చెప్పే మనిషి ఆయనే. రెండు మార్కుల ప్రశ్న తన ఒంటి మీదికి వస్తుందని ఆయన అనుకోలేదు.

ఆ మేలో కమిషనర్ త్రిలోచనరావు గారు స్వయంగా తనిఖీకి విచ్చేశారు. రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణ కార్బోహైడ్రేట్ రహిత ప్రాంగణంగా దీన్ని ప్రకటించడానికి. తొమ్మిదింటికని చెప్పి పన్నెండింటికి వచ్చారు. అప్పటిదాకా స్టాఫంతా పాలిస్టర్‌లో ఎండలో నిలబడి ఉన్నారు. మాస్టారు ఆ పొద్దున్న హడావుడిలో మాత్ర వేసుకున్నారు గానీ గుడ్డు మరిచిపోయారు.

కారు దిగిన కమిషనర్ గారిని చూడటానికి రెండు కళ్లు చాలవు. తెల్లటి ఖద్దరు చొక్కా, తెల్లటి పంచె. మడత నలగలేదు. చేతులు కదిపితే చొక్కా ఫెళఫెళమంటోంది. ఖద్దరు సెల్యులోజ్ కదా అని ఎవరికైనా అనిపించినా పైకి అనలేదు.

ఆయన గేటు దగ్గరే నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. "ఉద్యమ స్ఫూర్తితో, సమష్టి కృషితో, క్షేత్రస్థాయిలో… చట్టం ముందు అందరూ సమానమే. నన్ను కూడా పరీక్షించండి. నేనే మొదట." అని కుడి చెయ్యి ముందుకు చాపారు. ఫోటోగ్రాఫరు వంగాడు.

మాస్టారి చెయ్యి అప్పటికే వణుకుతోంది. ఒళ్లంతా చల్లటి చెమట. కమిషనర్ గారి అరచేయి ఒకసారి ఒకటిగా, ఒకసారి రెండుగా కనపడుతోంది. గొట్టం నొక్కారు. చుక్క అరచేతిలో పడలేదు. చొక్కా చేతి అంచు మీద పడింది.

అందరూ చూస్తూండగా అది విచ్చుకుంది. ముందు గోధుమ, తర్వాత నీలం, తర్వాత నిండు నలుపు.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు.

"గంజి సార్" అన్నారు మాస్టారు.

అక్కడితో ఆపాలి. ఒళ్లు తూలుతున్నా జబ్బు జబ్బే. "బియ్యం గంజి సార్. అసలు ఆ నీలం ఎందుకొస్తుందంటే, స్టార్చి గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుందండీ. అయోడిన్ వెళ్లి ఆ చుట్టల్లో కూర్చుంటుంది. కూర్చుని… కూర్చుని…" మాట ముద్దగా వచ్చింది. తర్వాతి మాట ఆయనకి దొరకలేదు. దొరక్కపోవడం జీవితంలో అదే మొదలు. మాస్టారు కూడా అక్కడే, గేటు మధ్యలో కూర్చుండిపోయారు.

కమిషనర్ గారి చొక్కాకి మచ్చ చేసినందుకు భయంతో పడిపోయారనుకున్నారు చాలామంది. మాస్టారి చేతిలోంచి జారిన గొట్టాన్ని కూర్మారావు జాగ్రత్తగా తీసి పట్టుకున్నాడు. రోడ్డు అవతలినుంచి మాత్రం ఒక కేక వినిపించింది.

"బాబుకి సుగరు దిగిపోనాది. తప్పుకోండి."

పైడితల్లి పరిగెత్తుకొచ్చింది. ఒక చేతిలో బెల్లం ముక్క, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు.

కూర్మారావు అడ్డం నిలబడ్డాడు. "తినే పదార్థం ప్రాంగణంలోకి తేకూడదు."

"మడిసి పోతన్నాడు కనపడతలేదేటి?"

ప్రిన్సిపాల్ గారు కమిషనర్ గారి వైపు చూశారు. కమిషనర్ గారు నల్లమచ్చను ఎడం చేత్తో కప్పుకుని, "రూలు పొజిషన్ ఏమిటి?" అన్నారు. "ఆయనకి ప్రాణావసర మినహాయింపు ఉందా?"

"అందరికీ ఉంది సార్, ఆయనకి తప్ప" అన్నాడు కూర్మారావు. "ఆయన ఫైలు తమ కార్యాలయంలోనే పెండింగులో ఉంది సార్. నలభై రెండు రోజులుగా."

మాస్టారికి ఇవన్నీ ఎక్కడో బావిలోంచి వినపడ్డట్టు వినపడుతున్నాయి. తనకు బతికే అనుమతి లేదని ఆయనకి అర్థమైంది. ఆ వాక్యంలో తప్పు కూడా ఏమీ లేదని తోచింది. అంతా తను రాసిన నోటే కదా. నవ్వొచ్చింది గాని పెదవులు కదల్లేదు.

"అయితే పరీక్ష సెయ్యండి" అంది పైడితల్లి, బెల్లం ముక్క కూర్మారావు ముక్కు కిందకి పెట్టి. "మీ సుక్క ఎయ్యండి. నీలం ఒస్తే నన్ను జైల్లో ఎట్టండి."

కూర్మారావుకు ఆ మాట నచ్చింది. అది పద్ధతి. బెల్లం మూల మీద చుక్క వేశాడు. అందరూ వంగి చూశారు. గోధుమరంగు గోధుమరంగులాగే ఉంది. ఇంకో చుక్క వేశాడు. మారలేదు.

"నీలం రాలేదు. నిషిద్ధం కాదు" అని కూర్మారావు పక్కకి జరిగాడు.

పైడితల్లి చుక్క పడ్డ మూల విరిచి పారేసి, మిగతాది పొడి చేసి మాస్టారి బుగ్గలోకి తోసింది. గుక్కెడు నీళ్లు పోసింది. తల తన భుజానికి ఆనించుకుని, "మింగండి బాబూ, నమలకండి, మింగండి" అంది. మాస్టారు మింగారు. పది నిమిషాలకి గేటు ఒకటే గేటుగా కనపడింది. ఎదురుగా పైడితల్లి వేళ్లు, గోళ్ల చుట్టూ బెల్లం. ఇరవై రెండేళ్లు బోర్డు మీద గీసిన ఉంగరం నాలుక మీద ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడ్చారు కూడా, స్టాఫంతా చూస్తుండగా.

కమిషనర్ గారు ఏ ప్రకటనా చేయకుండా కారెక్కారు.

మూడో రోజుకి మెమో వచ్చింది. ప్రిన్సిపాల్ గారు మాస్టారిని పిలిచి చేతికిచ్చారు. "తనిఖీ సందర్భమున కార్బోహైడ్రేట్ రహిత ప్రాంగణములోనికి శ్రీమతి పైడితల్లి అనునామె ఒక పదార్థమును తెచ్చి నోడల్ అధికారి నోట పెట్టినట్లు తెలియవచ్చినది. సదరు పదార్థము కార్బోహైడ్రేట్ అగునో కాదో నోడల్ అధికారి ఇరవై నాలుగు గంటలలో తెలుపవలెను. అగునేని ఆమె లైసెన్సు శాశ్వతముగా రద్దగును."

"ఏం రాస్తారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆవిడ గొంతులో మొదటిసారి రిటైర్మెంటు కాకుండా ఇంకేదో ఉంది.

మాస్టారు సీట్లోకి వెళ్లి కూర్చున్నారు. బెల్లం కార్బోహైడ్రేటే. కాదని రాయడానికి చెయ్యి రాదు. ఔనని రాస్తే ఆవిడ పొయ్యి ఆరిపోతుంది. చెరకు రసంనుంచి మొదలుపెట్టి, మెదడు గ్లూకోజు వాడకం మీదుగా, మానవత్వం దాకా వివరించి పద్నాలుగు పేజీలు రాయొచ్చు. కలం మూత తీశారు కూడా. "ముందుగా చక్కెరల స్వభావమును" అని వేలు కదిలింది. ఆగారు. పదకొండు పేజీలు ఎంత పని చేశాయో గుర్తొచ్చింది. ఆ కాగితం నలిపేసి ఇంకొకటి తీసుకున్నారు. చెమటలు పట్టాయి. అంత తక్కువ రాయడం ఆయనకి అలవాటు లేదు.

మర్నాడు వెళ్లిన సమాధానంలో మూడే వాక్యాలున్నాయి.

"తమరు అంతిమ ప్రమాణముగా ఆమోదించిన అయోడిన్ పరీక్షను సదరు పదార్థముపై అందరి సమక్షమున రెండుసార్లు జరుపగా నీలము రాలేదు. ఆ దినమున ప్రాంగణములో నీలము తేలిన వస్తువు ఒక్కటియే కలదు. అది ఎవరిదో, దానిపై ఏ చర్య తీసుకొనవలయునో తమరి ఆదేశములకై వేచియున్నాము."

ఆదేశాలు రాలేదు. నెల తిరిగేసరికి, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఆరోగ్య ప్రాంగణ పథకాన్ని తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేసినట్టు రెండు ముక్కల ఉత్తరం వచ్చింది. పాలిస్టర్లు బీరువాల్లోకి పోయాయి. చెట్ల మీది నోటీసుల్ని చీమలు, మైదా ఉన్నంత మేరకు, తినేశాయి. జూలైలో పైడితల్లి లైసెన్సు పొడిగించారు. ఆ కాగితం మీద మొదటి సంతకం మాస్టారిది. తొడుగుల్లేకుండా పెట్టారు.

షెడ్డు తెరిచిన రోజు మాస్టారు తలుపు దగ్గరే తచ్చాడారు. ఏం మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. చెప్పాల్సిన క్షమాపణ ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్నారు, అది కాస్త పొడుగైంది.

"పైడితల్లీ, నేను చేసింది మూడు రకాలుగా తప్పు. మొదటిది ఏమిటంటే…"

"మాత్ర ఏసుకున్నారా?"

"వేసుకున్నాను."

"అయితే కూకోండి. సల్లారిపోతాయి." ఆవిడ ప్లేటు పెట్టేసింది. గోడ మీద ఆయన బొగ్గుతో గీసిన ఉంగరం ఇంకా ఉంది. సున్నం వేయించినప్పుడు కూడా ఆ మేర వదిలేయమందట.

సరిగ్గా మొదటి ముక్క తుంచే వేళకి కూర్మారావు రిజిస్టర్డ్ కవరు పట్టుకొచ్చాడు. కమిషనర్ కార్యాలయంనుంచి. మాస్టారి మినహాయింపు ఫైలు తేలింది. పథకం ఆగిపోయినా ఫైలు ఆగదు కదా. మాస్టారు సంతకం పెట్టి తీసుకుని, రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఏటి రాసినారు బాబూ అందులోన?"

చెప్పడానికి మాస్టారి దగ్గర చాలా ఉంది. ఒక్క వాక్యం ఎంచుకున్నారు.

"నేను బతికి ఉండొచ్చట పైడితల్లీ. వచ్చే మార్చి ముప్పై ఒకటి వరకు."

"మరి మార్చి తరవాత?"

"మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి."

 పైడితల్లి ఇడ్లీ పాత్ర మూత తీసి, పదేళ్లలో మొదటిసారి, అడక్కుండానే మూడో ఇడ్లీ వేసింది.